ఖతం కాని చిన్న సూరా

మా అన్నకు ఖురాన్ చదవడమంటే పందెం. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివితే ఒక ఖతం. రంజాన్ నెల సగం కాకముందే ఒకటి పూర్తిచేసి, రెండోది మొదలుపెట్టి, ఆ సంగతి శంషాబాద్ అంతా తెలిసేలా చెప్పుకుంటాడు. అర్థం అడిగితే మాత్రం కసురుకుంటాడు.

నేను మేడమీద గదిలో ఉంటాను. ఆ ఏడు నేను ఖురాన్‌లోని ఒక చిన్న సూరా, అంటే అధ్యాయం, దగ్గరే ఆగిపోయాను. తదబ్బుర్ అంటారు దీన్ని. ఒక మాట పట్టుకుని, అది నన్నేం అడుగుతోందో తెలిసేదాకా వదలకపోవడం. ఆ సూరాలో చివరి మాట మాఊన్. ఇరుగుపొరుగు అడిగితే ఇచ్చే చిన్నచిన్న వస్తువులు: ఉప్పు, సూది, గిన్నె. నలుగురికీ కనబడేలా నమాజు చేస్తూ ఇవి ఇవ్వనివాళ్ల మీద ఆ సూరాకు కోపం. ఇంత పెద్ద గ్రంథంలో దేవుడు గిన్నె సంగతి ఎందుకు ఎత్తాడా అని బట్టలు ఉతుకుతూ కూడా ఆలోచించేదాన్ని.

"ఇంకా గా చిన్న సూరా కాడ్నే ఉన్నవా? ఖతం ఎప్పుడు చేస్తవ్?" అని అన్న మెట్ల కింద నుంచి నవ్వేవాడు. ఒళ్లు మండేది నాకు.

అప్పుడే పక్కింటి పెద్దాయన పోయాడు. దినాలకు ముందురోజు ఆయన భార్య మా అమ్మ డేగ్ కోసం వచ్చింది. వందమందికి అన్నం వండే గిన్నె అది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ గిన్నె మా ఇంట్లో కంటే వాళ్లింట్లోనే ఎక్కువ ఉండేది. వాళ్ల పిల్లల పెళ్లిళ్లన్నీ అందులోనే వండారు.

"రేపు దినాలు కొడుకా. డేగ్ ఇస్తవా? కడిగి పంపిస్త."

అన్న తస్బీ పూసలు తిప్పుతూనే అన్నాడు. "మీ వంటలకు ఇయ్యం పెద్దమ్మా. టెంట్‌హౌస్‌ల కిరాయికి తెచ్చుకోండ్రి."

'మీ వంటలు' అన్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. నేను గబగబా మెట్లు దిగాను.

"అన్నా, నేను ఆగింది గీ మాట కాడ్నే. గిన్నె ఇయ్యనోని నమాజు..."

"అరబ్బీ ముక్క రాదు, నాకు అర్థం చెప్తవా?"

మీదనుంచి విమానం దిగుతోంది. ఆ మోతలో ఇద్దరం అరుచుకున్నాం. డేగ్ ఉన్న సామాన్ల గది తాళంచెవి జేబులో వేసుకుని అన్న నమాజుకు వెళ్లిపోయాడు. ఆ వీపు చూస్తే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

పెళ్లిళ్ల రోజులు కావడంతో టెంట్‌హౌస్‌లో పెద్ద గిన్నె దొరకలేదు. మర్నాడు నా కుక్కర్, కూర గిన్నెలు అన్నీ మోసుకెళ్లాను. విడతలు విడతలుగా వండారు. కొత్వాల్‌గూడ నుంచి వచ్చిన చుట్టాలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"మనిషి పోయిన ఇంట్ల కడుపునిండ అన్నం గూడ పెడ్తలేరు" అంది ఒకావిడ, అందరికీ వినబడేలా. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పండగనాడు అదే డేగ్‌లో బిర్యానీ వండించి అన్న నన్ను కిందికి పిలిచాడు.

"ఏం చెల్లే, నీ చిన్న సూరా ఖతం అయిందా?"

చుట్టాలందరూ నవ్వారు.

"నాది కాలేదన్నా. నీదే, అమ్మ డేగ్ ఇయ్యనన్న నాడే ఖతం అయింది."

పళ్లెం ముట్టకుండా పైకొచ్చి పప్పు పొయ్యిమీద పెట్టాను. చూస్తే ఉప్పు లేదు. పిట్టగోడ మీదుగా, వాళ్ల డాబా మీదున్న పెద్దమ్మను అడిగాను. ఎంత కావాలని అడగకుండా డబ్బా మొత్తం అందించింది.