దువ్వూరు రోడ్డులో ఎండ మీద వేసిన నింద

మా మేనమామకు వచ్చే వారం తిరుపతిలో గుండె ఆపరేషన్. ఆ లోపల తన పాత కారులో ఒక్కసారి గండికోట చూసి రావాలని అడిగాడు. ఏళ్ల తరబడి తనే నడిపి, చూపు మందగించాక నాకిచ్చిన కారు అది. ఆయనను కమలాపురంలో ఎక్కించుకుందామని నేనూ నా భార్య సుజాతా తెల్లవారకముందే కర్నూలులో బయలుదేరాం.

నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఈ దారిలో మా తర్వాత వచ్చేవారికి ఒక మాట: పాత బండిలో వస్తే తాగే నీళ్లు రెండింతలు పెట్టుకోండి. ఆళ్లగడ్డ దాటాక కారు దగ్గడం మొదలుపెట్టింది. దువ్వూరు ఇంకా కొంత దూరముందనగా ఆగిపోయింది. అప్పటికి పది దాటింది.

మా సీమలో ఏం చెడినా ముందు ఎండనే తిడతాం. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని తేల్చేసి, ఇంజనుకు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ చుట్టాను. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కూడా ఆగి చూశాడు.

"ఎండకప్పా. మనుషులే నిలబడలేకుండారు, ఇనుమేం జేస్తాది?"

కాసేపటికి బండి కదిలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మైలు దూరం పోకుండానే మళ్లీ నిలిచింది. మేం తాగాల్సిన నీళ్లన్నీ పంపుకే పోశాను. చివరికి సుజాత తాళం తిప్పుతుంటే కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి చూశాను. చిమ్మాల్సిన పెట్రోలు బొట్టు బొట్టుగా కారింది. పంపేమో చల్లగానే ఉంది.

ఆలస్యమవుతుందని చెప్పడానికి మామకు ఫోన్ చేశాను.

"ఇంజను ఆయిలు కడ్డీ తీసి వాసన జూడు," అన్నాడు.

సుజాత తీసింది. ఆయిలు గీత దాటి పైకి వచ్చేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని "పెట్రోలే" అంది.

"పంపులో రబ్బరు పొర చినిగుంటాది. పెట్రోలంతా ఇంజన్లోకి దిగతాండాది. ఇంగ స్టార్టు జేయొద్దు."

"మరి గండికోట, మామా?"

"నేనే వస్తాండా. ఆడనే ఉండు," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం మామ తన కొడుకు నడుపుతున్న జీపులో వచ్చి దిగాడు. కారుకు తాడు కట్టించాడు. వద్దన్నా వినకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మైదుకూరు షెడ్డు దాకా జీపు వెనకాలే నిదానంగా పోయాం. దారిపొడవునా పసుపు ఆరబోసిన కళ్లాలు. చనిపోయిన అత్త గురించి మామ చెప్పాడు, ఆపరేషనంటే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పాడు. ఈ కారులో ఆయనతో ఎన్ని ఊళ్లు తిరిగానో. ఇంజను రొదలో కేకలేసుకోవడమే తప్ప ఇట్లా మాట్లాడుకున్నది లేదు.

"సప్పుడు లేకుంటే బాగుండాది గదా," అన్నాడు.

పంపు తెప్పించి బిగించేసరికి వారం దాటుతుందని షెడ్డులో చెప్పారు. కారు అక్కడే వదిలేసి, సాయంత్రం నేనూ సుజాతా కర్నూలు బస్సెక్కాం. మామ కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గండికోట యాడికీ పోదులే అల్లుడా."

దారి బాగుంది, బస్సులు దొరుకుతాయి, ఎవరైనా ఎప్పుడైనా పోయి చూసి రావచ్చు. నా దిగులు గండికోట గురించి కాదు.