పేరు పిలిస్తే పలకని పెద్దన్న

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో, కూలీల క్యాంపులోని మా గదిలో అందరికంటే పెద్దవాడు ఆయన. జగిత్యాల దగ్గర సొంతూళ్లో భాగోతమాడితే నరసింహస్వామి ముఖం, అంటే సింహం ముసుగు, కట్టేవాడు. ముఖం కట్టినవాడు అది తీసేదాకా తన పేరుకు పలకకూడదని వాళ్ల నియమం. కరోనా వచ్చాక గదిలో కూడా మాస్క్ తీయలేదు, ఆ నియమమూ వదల్లేదు. పేరు పెట్టి పిలిస్తే, "ముఖం మీదుండంగ పేరెందుకు రా?" అని కసిరేవాడు.

ఒక సాయంత్రం ఆయనకు జ్వరం వచ్చింది. మనిషికీ మనిషికీ రెండు మీటర్లుండాలి. మా గదిలో అంత చోటు లేదు. ఆసుపత్రి నుంచి తెల్ల సూట్లవాళ్లు వచ్చి గుమ్మంలో ఆయన పేరు చదివారు.

ఆయన లేచి, మాస్క్ తీసి, "నేనే" అన్నాడు.

"కప్పుకో అన్నా, అందరం సస్తం!" అని ఎవరో అరిచారు. అందరం గోడకు అతుక్కుపోయాం.

"పేరు పిలిచిన్రు గద రా." ఆయన కింది పెదవి వణుకుతోంది. "మళ్ల ఈడికే తెస్తరా, తమ్మీ?" అని నన్ను అడిగాడు.

అప్పటిదాకా క్యాంపు నుంచి వాళ్లు తీసుకెళ్లిన మనుషులెవరూ తిరిగి రాలేదు.