శనక్కాయ నూనె తాగిన తుపాకి

బలసముద్రంలో ఆదెప్పలు ముగ్గురున్నారు. ఇద్దరిని ఇంటిపేరుతో పిలుస్తారు, మూడోవాడు తుపాకి ఆదెప్ప. తాతలనాటి జోడుగొట్టాల తుపాకి ఆయనది. మారెమ్మ జాతరలో ఊరేగింపు ముందు దాన్ని భుజాన వేసుకుని నడిచేది ఆయనే. పేల్చమని ఎవరైనా అడిగితే, "పేలిస్తే సోలార్ అద్దాలన్నీ పగుల్తాయప్పా. వద్దని కంపెనీవోళ్లు నా కాళ్లు పట్టుకున్నారు" అనేవాడు. నిజానికి ఆ తుపాకి బిగుసుకుపోయి చాలా ఏళ్లయింది.

ఈసారి లైసెన్సు పొడిగించాలంటే స్టేషన్లో తెరిచి చూపించాలన్నారు. తెరుచుకోకపోతే అక్కడే ఇచ్చి రావాలి. ఆదెప్పకు అన్నం సయించలేదు. చేను సగం ఎప్పుడో సోలార్ పలకల కిందికి పోయింది. ఇదీ పోతే ఊళ్లో తను ఉత్త ఆదెప్పే.

బోరు మోటార్లు బాగుచేసే బావమరిది బోరన్నను పిలిపించాడు. వసారాలో గోనెపట్టా పరిచారు. బోరన్న గొట్టాల కొనలు తన కడుపుకు ఆనించుకుని గట్టిగా పట్టుకున్నాడు.

"ఖాళీనే గదా బావా?"

"ఏంది నీ అనుమానం? ఉండే రెండు తోటాలూ ఆ పొద్దు చిరుత మీద పేల్చేస్తి గదా. ఒకటి దాని ఆ చెవిలో దూరి, ఈ చెవిలో బయటికొచ్చి, ఎనకుండే పందికి తగిలె."

"పోయినసారి కుందేలంటివే."

"పంది ఎనక కుందేలప్పా."

కిరోసిన్‌లో నానబెట్టి, మరలు విప్పి, పక్క రేకు తీస్తే లోపలంతా నల్లటి పాకం. అందులో పసుపు, కుంకుమ, చచ్చిన చీమలు. బోరన్న కాస్త గీకి వాసన చూశాడు.

"గానుగ నూనె. ఎవురు పోసినారు దీంట్లో?"

"నేనే" అంది గడపలో నిలబడ్డ ఆదెప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ. "శనక్కాయ చేను కాసేదానికి తొలి నూనె పెట్టకుండా ఆయుధపూజ ఎట్లా చేసేది? మా అత్త పెట్టింది, నేనూ పెట్టినా."

"మాయమ్మ చుక్క పెట్టింది. నువ్వు దోసె పోసినట్ల పోసినావు" అన్నాడు ఆదెప్ప. "బంక చేసి సంపినావు గదే దాన్ని."

"మోసుకోని ఊరంతా తిరిగేవోడు ఒకతూరన్నా తుడిచిండాల."

గీకారు, పాత పళ్ల బ్రష్షుతో కడిగారు, మళ్లీ కిరోసిన్ పోశారు. ఆదెప్ప కొయ్యసుత్తితో పైమీటను మెల్లగా తట్టాడు. మీట కదిలింది. తుపాకి నడుము దగ్గర వంగి తెరుచుకుని, గొట్టాలు కిందికి వాలాయి.

రెండు గొట్టాల్లోనూ తోటాల ఇత్తడి అడుగులు కనిపించాయి. అంచులకు చిలుము పట్టింది. నడిమధ్య చుక్కలు మాత్రం నున్నగా ఉన్నాయి. పేలిన తోటాకైతే అక్కడ సొట్ట ఉంటుంది.

బోరన్న గొట్టాలు వదల్లేదు. వదలాలని అతనికి తోచలేదు. వాటి కొనలు ఇంకా తన పొట్టకే ఆని ఉన్నాయి.

ఆ పొద్దు చిరుత రాలేదు. తోటాలు ఎక్కించుకుని చేన్లో కూర్చున్న ఆదెప్ప హాయిగా నిద్రపోయాడు. తెల్లారి వట్టి చేతులతో ఇంటికొస్తే పరువు దక్కదని చిరుతను పుట్టించాడు. చెప్పగా చెప్పగా ఆ తోటాలు నిజంగానే పేలాయని తనే నమ్మేశాడు.

అప్పుడు ఆదెప్పకు ఇంకొకటి గుర్తొచ్చింది. పోయిన దసరాకు మనవరాలు సింధుశ్రీ ఫోను గోడకానించి, "తాతా, నన్ను కాల్చు, వీడియో తీస్తాండా" అంది. ఆయన గురిపెట్టి రెండు ట్రిగ్గర్లూ నొక్కి, నోటితో "ఢాం" అన్నాడు. పిల్ల చాప మీద పడింది. పడడం బాగా రాలేదని ఇంకోసారి తీశారు.

"రెండుతూర్లు నొక్కినావు" అంది సుబ్బలక్ష్మమ్మ.

"నీ నూనె బంక పట్టకుంటే అక్కా..."

"ఆ మాట అనొద్దు బోరా."

మర్నాడు స్టేషన్లో ఎస్సై తుపాకిని తెరిచి, మూసి, ఖాళీగా నొక్కి చూశాడు. ఠక్, ఠక్. ఎక్కడా తడబాటు లేదు. ఆదెప్ప రెండు శబ్దాలకూ ఉలిక్కిపడ్డాడు.

"కొత్తదాని మాదిరుండాది. తీసుకుపోప్పా."

ఆదెప్ప చేతులు ముందుకు రాలేదు. జేబులోంచి రెండు తోటాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవీ అదీ ఈడనే పెట్టుకోండి సార్."

"మరి జాతరలో ముందు ఎవరు నడుస్తారు?"

"ఎవురన్నా నడుస్తారు."

"ఏమైంది?"

ఆదెప్ప కతలు తెలిసిన కానిస్టేబుళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఆయన నోరు తెరిచాడు. కత రాలేదు.

"ఇంట్లో చిన్నపిల్ల ఉండాది సార్" అని, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.