కరెంటు తీయించి చూసిన డాక్టరమ్మ

మొన్న మా వీధి చివర పెళ్ళి పందిరి దగ్గర జనరేటరు నడిపారు. కాలిన డీజిలు వాసన కిటికీలోంచి ఇంట్లోకి వచ్చింది. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ వేసేసింది. నాకు మాత్రం జహీరాబాదులో నర్సుగా చేరిన తొలి రోజులు, అక్కడి డాక్టర్ రజియా మేడం గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివర్లో చిరాగ్‌పల్లి నుంచి వచ్చి ఆ చిన్న దవాఖానలో పనిలో చేరాను. చుట్టుపక్కల పల్లెల కష్టమైన కాన్పులన్నీ అక్కడికే వచ్చేవి. మేడం పొట్టి మనిషి, గట్టి గొంతు. దేన్నీ చూడకుండా నమ్మేవారు కాదు. అలాగని అనుమానపు మనిషీ కాదు, తెలుసుకోవాలన్న ఆరాటం, అంతే. కొత్త థర్మామీటరు వస్తే ముందు తన నోట్లో పెట్టుకుని చూసేవారు.

నేను చేరిన ఏడాదే దవాఖానకు జనరేటరు వచ్చింది. వెనక రేకుల షెడ్డులో బిగించారు. పెద్దమనుషులు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఇంజను మోగింది, వరండాలో బల్బులు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. మర్నాడు ఆపరేషన్లు లేని పూట చూసి మేడం మెయిన్ స్విచ్ తీయించారు. మమ్మల్ని గదికొకరుగా నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా ఏమేం పనిచేయడం లేదో చూసి చెప్పమన్నారు. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను నిలబడ్డ ఆపరేషన్ గదిలో పెద్ద దీపం వెలగలేదు. పుట్టిన బిడ్డల గొంతులోంచి ఉమ్మనీరు లాగే మిషను కదల్లేదు. టీకాల ఫ్రిజ్జుదీ అదే సంగతి. జనరేటరు వైరు ఆ గదులదాకా వేయనే లేదు.

మేడంకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, ఏదో దొరికినంత సంతోషంగా, "చూసినవా సుశీలా, కరెంటు తీయకపోతే గీ ముచ్చట మనకెట్ల తెలుస్తుండె?" అన్నారు.

వైర్లు వేయించాక మళ్ళీ కరెంటు తీయించి చూశారు. ఈసారి అన్నీ వెలిగాయి. కానీ కరెంటు పోయాక ఇంజను అందుకునేదాకా కాస్త చీకటి మిగిలింది. ఆ సందులో బిడ్డ పుడితే ఏం చేస్తారని మమ్మల్ని అడిగారు. స్టోరు మూలన పడి ఉన్న, కాలితో తొక్కే పాత పంపును తీయించి కడిగించారు. అదీ ఉమ్మనీరు లాగేదే, కరెంటు అక్కర్లేదు. దాన్ని నాచేత ఎన్నోసార్లు తొక్కించారు. అప్పట్లో నాకదంతా పిల్లల ఆటలా ఉండేది.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం గాలివాన మొదలైంది. ఝరాసంగం వైపు నుంచి వచ్చిన నర్సమ్మ అనే గర్భిణికి ఆపరేషన్ జరుగుతోంది. తొలి కాన్పు. బిడ్డను బయటికి తీశారో లేదో కరెంటు పోయింది. మబ్బులకు గదంతా నల్లబడింది. బిడ్డ ఏడవలేదు. మేడం తల ఎత్తకుండానే పక్కనున్న నర్సును టార్చిలైటు పట్టమని చెప్పి, "సుశీలా, బిడ్డను నువ్వు చూసుకో. నేను తల్లిని ఇడిచి రాలేను" అన్నారు.

తొక్కే పంపు ఉంచిన అలమారలో చెయ్యి పెట్టి దాని గొట్టం కోసం తడుముకున్నాను. దొరికింది. గొట్టం కొస బిడ్డ నోట్లో పెట్టి పంపు తొక్కాను. గొట్టంలోకి నీరు గురగురమంటూ వచ్చింది. షెడ్డులో ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. దీపం వెలిగేసరికి బిడ్డ ఎర్రబడి నా చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది.

తల్లీ బిడ్డా క్షేమమని తెలిసి నర్సమ్మ వాళ్ళమ్మ మా అందరి చేతులూ కళ్ళకద్దుకుంది. ఆ సందడి సద్దుమణిగాక మేడం నన్ను పక్కకు పిలిచారు.

"మంచిగ చేసినవ్ బేటా. ఏడ తడుముకున్నవ్?"

"గొట్టం కోసం మేడం. అలమార లోపటికి జరిగి ఉండె."

"మరి అది అలమారల ఎందుకుండాలె?"

మర్నాటి నుంచి ఆ పంపు, గొట్టంతో సహా, ఆపరేషన్ గదిలో బిడ్డను పడుకోబెట్టే బల్ల కిందే ఉంది.

తర్వాత ఎన్నో దవాఖానల్లో పనిచేశాను, కొత్త నర్సులకు పని నేర్పాను. కష్టమైన కేసు గట్టెక్కి అందరూ చాయ్ తాగుతూ నవ్వుకునే వేళ, ఎక్కడ తడబడ్డామని అడగడం నాకు అలవాటైపోయింది. తప్పు పట్టడానికి అడుగుతున్నానేమోనని ఆ నర్సు పిల్లలు మొదట ముడుచుకుపోతారు. మేడం అడిగినట్టే, నిజంగా తెలుసుకోవాలన్న ఆశతో అడగగలిగిన రోజు మాత్రం, ఒకరి మాటకొకరు అడ్డొస్తూ అన్నీ చెప్పేస్తారు.