అత్త చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు, అంటే నాలుగో తరగతిలో ఉండగా, మా మేనత్త నాకో రహస్యం అప్పగించింది. భర్త పోయాక ఆమె నర్సీపట్నంలో మా ఇంట్లోనే ఉంటూ, ముందుగదిలో జాకెట్లు కుట్టేది. బడి నుంచి రాగానే నేను పక్కన కూర్చుని హుక్కులు అందించేదాన్ని.

ఆ వేసవిలో, అన్నం తిన్న కాసేపటికి అత్త కుట్టడం ఆపి, పొట్టకు దిండు అదుముకుని మిషను మీదకి వంగిపోయేది. బొడ్డు పైన మొదలైన నొప్పి వీపులోకి పోతోందనేది. కాసేపటికి తగ్గిపోయేది. నాన్నకి చెప్పనా అని అడిగాను.

"వద్దే. జీడితోట పనిలో ఉన్నాడు. కోతలయ్యేక నేనే డాక్టరుగారి దగ్గిరికి ఎల్తాను. నువ్వు ఎవులికీ సెప్పకు."

నేను చెప్పలేదు. అంత పెద్ద మనిషి నన్ను నమ్మిందని గర్వపడ్డాను కూడా.

కోతలు పూర్తికాకముందే ఒక ఉదయం అత్త వాంతులతో పడిపోయింది. విశాఖ తీసుకెళ్లాం. పిత్తాశయంలోని రాయి జారి అడ్డుపడడంతో క్లోమం బాగా వాచిపోయిందనీ, మొదటి చిన్న నొప్పులప్పుడే రక్తపరీక్ష చేయించి ఉంటే తెలిసేదనీ అక్కడి డాక్టరు నాన్నతో అన్నారు. పక్కనే నిలబడి విన్నాను.

నా ముఖం చూసి అత్త దగ్గరకు పిలిచింది. "ఏడవకు తల్లీ. మన డాక్టరుగారికి నేనప్పుడే సూపించుకున్నాను. ఆయన ఏటీ లేదన్నారు. నువ్వు సెప్పినా ఇంతే అయ్యేది."

నాలుగో రోజున పోయింది.

ఆ మాట పట్టుకునే పెరిగాను. మా ఊరి డాక్టరుగారి మీద కోపం దాచుకున్నాను. కాలేజీలో చేరేటప్పుడు సర్టిఫికెట్ కోసం ఆయన దగ్గరికి వెళ్లి, అత్తకి ఏమీ లేదని ఎలా అన్నారని అడిగేశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ అత్త నా దగ్గరికి రానేలేదమ్మా. వస్తే ఆరోజే పరీక్షకి పంపేవాణ్ని" అన్నారు.

నా గుండెలో బరువు దించడానికి, ప్రాణం పోతూ కూడా అత్త ఆ అబద్ధం అల్లింది.

కిందటేడు మా కోడలు అన్నం దగ్గర నుంచి లేచి, ముందుకు వంగి కూర్చుంది. "గేసేనండీ అత్తయ్యా, తగ్గిపోద్ది" అంది. నేను వినలేదు. బేగి ఆసుపత్రికి బయల్దేరదీశాను. క్లోమానికి స్వల్పంగా వాపు, పిత్తాశయంలో రాళ్లు. వాపు తగ్గాక ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగుంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

మా పిల్లలకు ఒకటే చెబుతుంటాను. నొప్పి ఎవరిదైనా, దాచమన్నవాళ్లు మీకెంత ఇష్టమైనా, వచ్చి చెప్పేయండి, ఎవరూ తిట్టరు అని. ఆ మాట నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎవరూ చెప్పలేదు.