అడుగు చూసి కొన్న పడవ

మా ఊళ్లో ఆరిన్ స్టబుల్‌ఫీల్డ్ ముందు తల వంచని మగవాడు లేడు. విత్తనాల దుకాణం పక్కన ఆయన సెలూన్ తెరిచి నలభై ఏళ్లు దాటింది. కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది. కెంటకీ సరస్సులో బాస్ చేపలు ఏ వారం ఏ మూలకి చేరతాయో, ఏ పడవ ఏ అలకి ఆగుతుందో, అన్నీ ఆ కుర్చీ దగ్గరే తేలిపోవాలి. వీటన్నిటితో పాటు మా అందరికీ కంఠతా వచ్చేసిన మాట ఇంకొకటుంది: "మా వెర్లీన్‌కి నీళ్లంటే చచ్చేంత భయం."

వెర్లీన్ ఆయన భార్య. బడి వంటశాలలో పిల్లలకి వండి వండి రిటైరైంది. ఆ వంటశాలలోకి పాము దూరితే చీపురుతో బయటికి నెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ పిండి కలుపుకున్న మనిషి. అలాంటి మనిషికి నీళ్లంటే భయమేమిటని మాకెవరికీ తట్టలేదు. కట్టుకున్నవాడే చెబుతుంటే ఇంకేం కావాలి? పైగా చర్చి భోజనాల దగ్గర వేళాకోళాలు కూడా ఆడేవాళ్లం. "వెర్లీన్, టీ గ్లాసు నిండా ఉంది, జాగ్రత్త, మునిగిపోతావు" అని. ఆవిడ నవ్వేసి, మా పళ్లేల్లో ఇంకాస్త బీన్స్ వడ్డించేది.

కిందటి చలికాలం ఆరిన్ గుండెకి స్టెంటు వేశారు. అంతకు ముందు ఏడే ఆయన చేపల వేట జతగాడు హోయ్ట్ పోయాడు. ముప్ఫై ఏళ్లు ఆరిన్ పడవలో ముందు సీటు హోయ్ట్‌దే. ఖాళీ సీటు చూడలేక ఆరిన్ ఆ పడవ అమ్మేశాడు. వసంతం వచ్చేసరికి మాత్రం చేతులు ఊరుకోలేదు. డాక్టరమ్మేమో ఒంటరిగా నీళ్ల మీదకి వెళ్లడానికి వీల్లేదని తేల్చేసింది. తోడు రమ్మందామంటే ఆయన ఈడు వాళ్లకి మోకాళ్లు వంగవు, కుర్రవాళ్లకి తీరిక లేదు.

"నేనొస్తాలే," అంది వెర్లీన్ ఒక రోజు పొద్దున్న గుడ్లు వేయిస్తూ. "కాకపోతే పడవ చూడటానికి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు."

ఆరిన్‌కి సంతోషం వేసింది, దాని వెనకాలే దిగులూ పట్టుకుంది. ఒక్కసారి ఎక్కి, పడవ కాస్త ఊగి, ఈవిడ బెదిరి దిగిపోయిందంటే ఇక అంతే. మిగిలిన రోజులన్నీ వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే పడవల్ని చూసుకోవాలి. అందుకని ఊగని పడవే కొనాలని గట్టిగా అనుకున్నాడు.

పాత అల్యూమినియం పడవలు అమ్మే లామర్ దొడ్డికి ఇద్దరూ వెళ్లారు. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. అక్కడ పనికొచ్చేవి రెండే కనబడ్డాయి. ఆరిన్ స్టెంటు సంగతి మరిచిపోయి మొదటిదాని కింద వెల్లకిలా దూరాడు.

"లే, చొక్కా అంతా మట్టి," అంది వెర్లీన్.

"పడవని పైనుంచి చూసి కొనేవాడికి బుద్ధి ఉండదు," అన్నాడు కిందనుంచే. "ఇటు చూడు. దీని అడుగు ముందునుంచి వెనకదాకా కోసుగా ఉంది. అలని చీల్చుకుంటూ పోతుంది. ఎంత గాలి లేచినా నడుముకి తెలియదు. కాకపోతే ఆగినప్పుడు లేచి నిలబడ్డావా, అటూ ఇటూ వాలుతుంది."

ఆ మాట అంటూనే దాని అడుగుని అరచేత్తో ఒకసారి నిమిరాడు. వెర్లీన్ అది చూసింది. ఆయన లేచి రెండోదాని దగ్గరికి నడిచాడు.

"మనకి ఇదీ కావాల్సింది. అడుగు చదును. నీళ్ల మీద పళ్లెంలా కూర్చుంటుంది. నువ్వు నిలబడి గంతులేసినా కదలదు."

"నేను గంతులెయ్యడానికి వస్తున్నానా?"

లామర్ నవ్వాపుకున్నాడు. పెద్ద ఆడవాళ్లని మా వైపు మర్యాదగా 'మిస్' అనే పిలుస్తాం. "మిస్ వెర్లీన్, మీరు చెప్పండి, ఏది నచ్చింది?"

"నాకేం తెలుసు బాబూ. ముందు కారుతుందో లేదో చూడు."

అల్యూమినియం పడవ దగ్గర మాటలు చెల్లవు. పడవని మోసే చక్రాల బండి మీదుండగానే లోపల చీలమండ లోతు నీళ్లు పెట్టి, కింద రేకుల్ని కలిపే రివిట్ల దగ్గర చూడాలి. లోపలి నీళ్లు బయటికి కారితే, రేపు బయటి నీళ్లు లోపలికొస్తాయి. లామర్ పైపు తెచ్చి చదును పడవలో నీళ్లు పట్టాడు. ముగ్గురూ వంగి చూశారు. ఒక్క చుక్క లేదు. ఆరిన్ వెనక పలకని పిడికిలితో కొట్టి, లోపలి చెక్క పుచ్చలేదని నిర్ధారించుకున్నాడు. అప్పుడు లామర్ ఆ పలక అడుగున ఉన్న ఇత్తడి బిరడా విప్పాడు. నీళ్లు బుడబుడా బయటికొచ్చేశాయి. బిరడాని బండి చక్రం మీది రేకు మీద పెట్టాడు.

"ఇది ఒక్కటేనా?" అంది వెర్లీన్.

"ఒక్కటే మిస్ వెర్లీన్. అది లేకపోతే ఇది పడవ కాదు, జల్లెడ."

"అది చిన్న విషయంలే," అన్నాడు ఆరిన్. "నువ్వు అడుగు సంగతి విను." అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి లామర్ కూడా అందుకున్నాడు. కోసు గొప్పా, చదును గొప్పా అని ఇద్దరూ వాదించుకుంటూ పడవని ట్రక్కుకి తగిలించారు. కొనే ముందు ఒకసారి నీళ్ల మీద తిప్పి చూసుకోమని లామర్ తాళాలిచ్చాడు.

పడవలు దింపే రేవు దగ్గర మా బెంచీ ఒకటుంది. పని లేని ముసలాళ్లందరం కాఫీ తాగుతూ, ఎవరు బండి వంకరగా దింపుతారా, ఎవరు నీళ్లలో పడతారా అని కనిపెట్టుకుని ఉంటాం. ఆ రోజు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, వెర్లీన్ పడవెక్కి కూర్చోవడం చూసి మా కాఫీలు ఆగిపోయాయి. ఆరిన్ మొహం మాత్రం పరీక్షకి వెళ్లే పిల్లాడిలా ఉంది.

"ఊగుతోందా?" అనడిగాడు మోటారు వెయ్యగానే.

"లేదు."

"ఇప్పుడో?"

"ఆరిన్, ముందు చూసి తోలు."

ఒడ్డు దూరమైంది. నడి సరస్సులో గాలి లేచింది. చదును అడుగు కింద అలలు ధబ్ ధబ్‌మని కొట్టడం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఆరిన్‌కి లామర్ చెయ్యి గుర్తొచ్చింది. బిరడా విప్పడం, రేకు మీద పెట్టడం కళ్ల ముందు కనబడింది. మళ్లీ బిగించడం ఎంత వెతుక్కున్నా కనబడలేదు. మోటారు ఆపేసి కాళ్ల కిందకి చూశాడు.

"మొహం అలా పాలిపోయిందేం? మాత్ర ఇవ్వనా?"

"మాత్ర కాదు వెర్లీన్. బిరడా."

"పెట్టాను," అంది. "మీరిద్దరూ కోసూ చదునూ అని కొట్టుకుంటున్నప్పుడే. రెండుసార్లు బిగించాను."

పడవ అడుగు పొడిగా ఉంది. ఆరిన్ ఊపిరి పీల్చుకుని, "నీకెలా తట్టింది?" అన్నాడు.

"నా నీలం గౌనునడుగు, చెబుతుంది."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. పెళ్లైన మొదటి వేసవి. సెలూన్ తెరిచి నెల కాలేదు. నీలం గౌను వేసుకున్న కొత్త పెళ్లాన్ని ఎక్కించుకుని, రేవు నుంచి పది బారలు వెళ్లాడో లేదో, పడవ సీట్ల దాకా మునిగింది. బిరడా ట్రక్కులోనే ఉండిపోయింది. గట్టు మీద జనం. తనేమో, "మా ఆవిడ భయపడి ఒక పక్కకి దూకేసింది" అని కేకేశాడు. ఆ తర్వాత కుర్చీ దగ్గర చెప్పీ చెప్పీ, అదే నిజమని తనకే నమ్మకం కుదిరిపోయింది.

"మరి అప్పుడే చెప్పకపోయావా?" అన్నాడు.

"ఎవరికి చెప్పను? గట్టు మీదున్న వాళ్లంతా నీ కుర్చీలో కూర్చోవాల్సిన వాళ్లే. పడవకి బిరడా పెట్టడం మరిచిపోయేవాడి చేతికి గొంతెవడిస్తాడు, గడ్డం గియ్యమని?"

"ఆ తర్వాతైనా?"

"తర్వాత నన్ను నువ్వు రమ్మంటే కదా. నాకు భయమని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాడివి, ఎలా రమ్మంటావు?"

ఆవిడ కోపంగా అనలేదు. అదే ఆరిన్‌కి ఎక్కువ గుచ్చుకుంది. నలభై ఏళ్ల శనివారాలు, ఆవిడ కట్టిచ్చిన శాండ్‌విచ్‌లు, వాకిట్లో నిలబడి చెయ్యూపడం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ కోసు అడుగుదే కొను," అంది వెర్లీన్. "ఈ పళ్లెం నా పళ్లన్నీ రాలగొట్టేలా ఉంది."

"అది ఊగుతుంది."

"ఊగితే ఊగనీ. ముగ్గురు పిల్లల్ని ఊపి పెంచాను. నాకు పడనిది మునగడం. అయినా నువ్వు దాన్నెలా నిమిరావో చూడలేదనుకున్నావా?"

పడవ రేవుకొచ్చింది. ఆరిన్ తాడు కట్టి, తిన్నగా మా బెంచీ ముందుకొచ్చి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"మా వెర్లీన్‌కి నీళ్లంటే భయం లేదు, ఎప్పుడూ లేదు. ఆనాడు పడవ మునిగింది నేను బిరడా మరిచిపోయి. ఇవాళా మరిచిపోయాను. ఆవిడ పెట్టింది."

మేం నవ్వాం. నవ్వకుండా ఎలా ఉంటాం, కాఫీలు ఒలికేలా నవ్వాం. ఆయన అక్కడే నిలబడి ఆ నవ్వంతా భరించాడు. తర్వాత, ఇన్నేళ్లూ చర్చి భోజనాల దగ్గర మేమాడిన వేళాకోళాలు ఒకటొకటే గుర్తొచ్చి, వెర్లీన్ వైపు చూడటానికి మాకే మొహం చెల్లలేదు. ఆవిడ మమ్మల్ని పట్టించుకోలేదు. పడవని బండి మీదకి లాగాక వెనక్కి వెళ్లి, బిరడా విప్పి, తుడిచి, దొడ్డికి తిరిగి వెళ్లాక రేకు మీద కాకుండా లామర్ చేతిలోనే పెట్టింది.

ఇద్దరూ కోసు అడుగుదే కొన్నారు. ముందు సీటు ఇప్పుడు వెర్లీన్‌ది. మొన్న ఒకడు సెలూన్లో కూర్చుని, ఆదివారానికి ఆ పడవ ఒకసారి ఇస్తావా అనడిగాడు. ఆరిన్ కత్తెర ఆపాడు.

"మా ఆవిడనడుగు," అన్నాడు. "బిరడా ఆవిడ సంచీలో ఉంది."