బీరు కార్ఖానాకు పోయొచ్చిన బాలకిష్టయ్య

మా చిన్నాన్న బాలకిష్టయ్యకు భయం పుట్టుకతో వచ్చిన ఆస్తి. మగ్గం మీదుండగా తుమ్ము వస్తే లేచి వీధిలోకి పోయి తుమ్మి వస్తాడు. అలాంటి మనిషిని తీసుకుపోయి బీరు కార్ఖానాలో నిలబెట్టిన ఘనత మా గద్వాల సొసైటీ మేనేజరు గిరిధర్‌ది.

ఆ ఏడు చిన్నాన్నకు జోడు పంచెల మగ్గం పిలుపు వచ్చింది. తిరుమల స్వామికి మా ఊరి నుంచి పోయే పంచెలవి. ముగ్గురు ఒకే మగ్గం మీద కూర్చుని దీక్షతో నేస్తారు. పేర్లు చెప్పిన రోజు నుంచి పని ముగిసేదాకా మాంసం, మందు ముట్టరాదు. మా తాత ఈ పిలుపు కోసం చూసి చూసి పోయాడు. చిన్నాన్న బుద్ధెరిగిన నాటి నుంచి మందు వాసన కూడా చూసినవాడు కాదు కాబట్టి, ఆయనకు ఈ నియమం కొత్తేమీ కాదు.

అయితే అప్పటికే ఆయన పేరున టికెట్ తీసిన ప్రయాణం ఒకటుంది. హిమాచల్ కొండల్లో నేతగాళ్ల సంఘాల సదస్సు. దానికి గిరిధర్ ఒక పూట అదనంగా తగిలించాడు. ఆ పక్కనే తెల్లదొరల కాలం నాటి పేరుమోసిన బీరు కార్ఖానా ఉందట, అంతదూరం పోయి చూడకుండా వస్తే నలుగురూ నవ్వుతారట.

"నేను బస్సులనే కూసుంట సారూ" అన్నాడు చిన్నాన్న.

"కూసో బాలన్నా, ఎవరొద్దన్నరు."

తీరా అక్కడికి పోయాక డ్రైవర్ బస్సుకు తాళం వేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. చిన్నాన్న తువ్వాల ముక్కుకు చుట్టుకుని గుంపు వెనకాలే లోపలికి నడిచాడు.

లోపల మనిషెత్తు రాగి గంగాళాలు, ఉడుకుతున్న బార్లీ వాసన. అది మేము పడుగుకు పెట్టే గంజి వాసనలాగే ఉండడంతో ఆయన గుండె కాస్త కుదుటపడింది. అదే కొంప ముంచింది. కార్ఖానా తిప్పి చూపిస్తున్న అమ్మాయి ఒక గంగాళం దగ్గర ఆగి, అందరికీ చిన్న కప్పుల్లో ఏదో పోసి ఇచ్చింది. పొగలు కక్కుతోంది. జ్వరమొస్తే ఇంట్లో ఇచ్చే బార్లీ నీళ్లే అనుకుని, చలికి వణుకుతున్న మనిషి గుటుక్కున తాగేశాడు.

ఫొటోలు తీసుకుంటున్న గిరిధర్ అప్పుడే ఇటు తిరిగాడు. "ఏం తాగినవ్ బాలన్నా?"

"ఏమో సారూ, తెల్వదు. ఏంది గది?"

"బీరు కార్ఖానాల బీరు గాక మజ్జిగిస్తరా?"

కప్పులో ఏముందో తనకూ తెలియకపోయినా, ఆటపట్టించడానికే అన్నాడు. కానీ చిన్నాన్న మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి, నవ్వు ఆపేసి, "పరేషాన్ గాకు. నేనెవ్వరికి చెప్ప" అన్నాడు. దాంతో అది బీరేనని చిన్నాన్నకు ఖాయమైపోయింది.

తిరుగు ప్రయాణంలో రైలు ఆగిన చోటల్లా దిగి నోరు పుక్కిలించాడట. చెప్తే మగ్గం పోతుంది. చెప్పకపోతే అదే చేత్తో స్వామి పంచె నేయాలి. ఆ రెండింటి మధ్య నలిగి, ఇల్లు చేరేసరికి మనిషి సగమయ్యాడు.

మా చిన్నమ్మ నర్సమ్మ అంతా విన్నది. "మనోళ్లెవరన్న చూసిన్రా? లేదు గద. గిరిధర్ సారు చెప్పనన్నడు గద. సప్పుడు జెయ్యక పోయి కూసో. మీ నాయిన ఎంత ఆశపడ్డడో మర్సినవా?"

మర్నాడు చిన్నాన్న తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని బయల్దేరాడు. నూలు కండెల బుట్ట పట్టుకుని నేను వెంట వెళ్లాను. మగ్గం ఇంటి గడప దగ్గర ఆగిపోయాడు. లోపల పెద్ద నేతగాడు బుచ్చన్న దీక్ష కంకణాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"బుచ్చన్నా, నాతోని గాదు. నేను బీరు తాగిన."

బుచ్చన్న ఎక్కడని, ఎందుకని అడగలేదు. ఇలాంటి అవసరానికే నియమంలో ఉంచిన అమరచింత సత్యాన్ని పిలిచి కంకణం కట్టాడు. కంకణం పడ్డాక, పంచెలు మగ్గం దిగేదాకా మనిషిని మార్చరు. చిన్నాన్న గడప బయటే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆయన్ను చూస్తే నాకు ఏడుపొచ్చింది. గిరిధర్ ఎదురుగా ఉంటే ఏమనేవాణ్నో నాకే తెలియదు.

సత్యం మామూలు రోజుల్లో మందు బాగా పుచ్చుకునేవాడే. నియమం కోసం మానేశాడు. మగ్గం మీద కూర్చున్నాక అతనికే మనసొప్పక, మాట కలపడానికి, "ఎట్లున్నదన్నా అది?" అని అడిగాడు.

"తియ్యగ, వెచ్చగ. పాయసం లెక్క."

సత్యం చేతిలో పడుగు మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగింది. "తియ్యగ ఉన్నదా? బీరు చేదుంటదన్నా. సల్లగ ఇస్తరు. నువ్వు తాగింది బీరు గాదు, ఉడకబెట్టిన బార్లీ నీళ్లే అయ్యుంటయి."

సత్యం తన చేతి కంకణం వంక, తర్వాత బుచ్చన్న వంక చూశాడు. బుచ్చన్న అడ్డంగా తల ఊపాడు.

"జర ముందుగాల ఒక్క మాట నన్ను అడుగకపోతివి అన్నా" అన్నాడు సత్యం. "నోట్ల పోసుకోంగనె తెల్వలేదా?"

"నాకెట్ల తెలుస్తది తమ్మీ" అన్నాడు చిన్నాన్న. "నేనెన్నడన్న తాగితె గద."